కుట్టుమిషను సముద్రలంఘనము అను ఎర్రగీత సంగ్రామము

శ్రోతలారా, చెవులు రిక్కించుడు. దగ్గవలసినవారు ఇప్పుడే దగ్గి ముగించుడు. సెల్‌ఫోనుల నోళ్ళు నొక్కుడు. ఇది రాజ్యముల కొరకు జరిగిన యుద్ధము కాదు, రత్నముల కొరకు జరిగినది అంతకంటె కాదు. ఒక పెట్టె మూత పడుటకై జరిగినది. అట్టి యుద్ధము మీ యిండ్లలో ఎన్నడును జరుగలేదని గుండె మీద చెయ్యి వేసి చెప్పగలవారు లేచి పోవచ్చును. ఎవరును లేవలేదు గనుక మొదలిడుచున్నాను.

భానుబింబము వీధి చివరి నీళ్ళట్యాంకు భుజము మీదికి ఒరిగి, ఎదుటి మేడపై ఆరవేసిన దుప్పట్ల నీడలు వీధిలోనికి దిగి పిల్లల బంతాటకు అడ్డుపడుచున్న సాయంసమయమున, రెండవ అంతస్తులోని అద్దెయిల్లను దుర్గమున, మంచములు పోయి, బల్లలు పోయి, పొయ్యి పోయి, తుదకు తలుపు వెనుక వేలాడు గొడుగులు సహితము చర్చి సంఘస్థుల యిండ్లకు తరలిపోయి, ఒక మాట పలికిన గోడలు రెండు మాటలు బదులు చెప్పునంతటి శూన్యము ఏర్పడిన ముందుగది నడుమ, నోరు తెరచుకొని, కడుపు నిండియు తృప్తి లేక, పడియుండెను ఒక పెట్టె. తెల్లవారినచో విమానము.

ఆ పెట్టెకు ఎదురు నిలిచిన వీరుడెవ్వడు? మైకు లేకున్నను వెనుక వరుస నిద్రను భంగపరుపగల కంఠము కలవాడు, ప్రసంగము ముగించెదనని చెప్పి మరల మొదలిడుటలో సాటి లేనివాడు, ఇంటిలో ఉప్పు అడుగవలసినను వేదిక మీది భాషలోనే అడుగువాడు, సముద్రములకు ఆవల మంచు కురియు దేశమున సువార్త చెప్పుటకు భార్యాసుతాసమేతముగా పంపబడుచున్న మిషనరీ, మన పాస్టరుగారు. ఆయన ఆయుధము స్ప్రింగు కాటా. కూతురి ఉయ్యాల ఊగిన పాత యినుపకొక్కెమునకే అది ఇప్పుడు వేలాడుచుండెను. పెట్టె క్రింద దుప్పటి పరచి, నాలుగు కొనలు ముడివేసి, ఆ ముడిని భార్యాభర్తలిద్దరు మూల్గుచు ఎత్తి కాటాకు తగిలించినచో, ముల్లు కదలి తీర్పు చెప్పును. విమానము వారు ఒప్పుకొను బరువు ఎంతయో అంత దగ్గర, గాజు మీద పాస్టరుగారు స్వహస్తముతో ఎర్రసిరా గీత గీసియుంచిరి. ముల్లు గీతకు ఇవతల ఆగిన పెట్టె ఎగురును. అవతలికి పోయిన పెట్టె ఎగురదు. అదనపు బరువుకు కట్టుటకు చేతిలో చిల్లిగవ్వ లేదు. తక్కిన పెట్టెలన్నియు అప్పటికే గీత మీదికి వచ్చి, తాళ్ళు బిగించుకొని, గోడవార బుద్ధిగా కూర్చుండినవి. ఇక మిగిలినది ఇదొక్కటే. దీని జిప్పు వృద్ధాప్యమున ఉన్నది. ఒక్కమారు మూసినచో మరల తెరచుకొనునను ఆశ లేదు గనుక, తుది తూకము తేలువరకు పెట్టె నోరు తెరచియే ఉండవలసి వచ్చెను.

ఆ పెట్టె అడుగున కంబళిలో చుట్టుకొని పడుకొన్నది ఈ గాథకు ప్రాణము. అది చేతితో తిప్పు కుట్టుమిషను. నల్లని ఒడలు, అరిగి మెరయు పిడి, సగము చెరిగిన బంగారు రంగు తీగలు. దాని యజమానురాలు పాస్టరుగారి ధర్మపత్ని. సంఘమున ఆమెను పేరుతో పిలిచినవారు లేరు, అందరికిని మిషనక్కయే. పెట్టెలు సర్దుట మొదలిడిన నాడే ఆమె భర్తతో తేల్చి చెప్పెను.

"ఏమండీ, మీకు గొంతుంది. అక్కడా నిలబడి చెప్తారు, పక్కనొకాయన వాళ్ళ భాషలోకి మారుస్తాడు. నాకెవరు మారుస్తారు? వాళ్ళ భాషలో 'బాగున్నారా' అనడానికే నా నాలిక మెలిక పడుతోంది. మిషను ముందు కూర్చుంటే భాషతో పనిలేదు. చిరిగిన బట్ట పట్టుకొస్తారు, నేర్పిస్తాను, పక్కన కూర్చుంటారు. అది లేకపోతే అక్కడ నేను మీ వెనకాల నిలబడి నవ్వే మనిషిని, అంతే."

పాస్టరుగారు గడ్డము నిమురుకొని తీర్పు చెప్పిరి.

"మిషను వచ్చును గాక. అయితే ముల్లు గీత దాటినయెడల మిషను దిగవలెను. ఇది నా మాట."

"సరే, దాటితే కదా" అని ఆమె ఒప్పుకొనెను. ఒప్పుకొన్న మాట తప్పు మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. పెట్టెలో ఒక ప్రక్కగా రెండు దిండ్ల మందము గల బైబిలు వ్యాఖ్యానగ్రంథమొకటి పాస్టరుగారి పక్షమున ఠీవిగా కూర్చుండెను. దాని మాట మాత్రము ఎవరును ఎత్తలేదు.

అది యట్లుండ, తొలి తూకమున ముల్లు వణకి, తడబడి, ఎర్రగీతను ముద్దాడి నిలిచెను. గది దద్దరిల్లునట్లు పాస్టరుగారు స్తోత్రము పలికిరి. మిషనక్క జిప్పు మీద చెయ్యి వేసెను. సరిగా అప్పుడే కాలింగుబెల్లు మ్రోగెను.

వచ్చినది కొట్టు ఆంటీ. సబ్బులు మొదలు సూదుల వరకు అమ్మునది, సంఘములో రెండవ వరుసలో కూర్చుండునది. ఇచ్చట శ్రోతలు రెండు సంగతులు ఎరుగవలెను. మొదటిది, గడచిన ఆదివారమున పాస్టరుగారు వేదిక మీదనుండి, "మాకు కానుకలు తేవలదు, పెట్టెలలో చోటు లేదు, ప్రార్థనలు మాత్రమే తెండి" అని ఉరిమియుండిరి. రెండవది ఆ యింటి కట్టుబాటు. వచ్చిన మనిషి ప్రార్థన చేయక గడప దాటి పోరాదు. ప్రార్థన మొదలైనంతనే కన్నులు మూయవలెను, ఆమేన్ అనువరకు రెప్ప కదల్చరాదు. దీనిని విధించినది పాస్టరుగారు. పాటించుటలోను ఆయనయే ప్రథముడు. పిడుగు పడినను కన్ను తెరువడు. పిడుగనగా ఆయన ఏకైక పుత్రిక ముద్దుపేరు కూడ అగుటచే, ఈ మాట రెండు విధముల నిజము.

"ఏమీ తేలేదండీ అయ్యగారూ, మీరు చెప్పారుగా" అని కొట్టు ఆంటీ సంచి దులిపి చూపెను. "పెట్టె మీద చెయ్యేసి ఒక్క ప్రార్థన చేసుకుని పోతాను. క్షేమంగా చేరాలి పాపం."

నలుగురు పెట్టె చుట్టు నిలిచిరి. కన్నులు మూతపడెను. ప్రార్థన సాగెను. ఆమేన్ పలికి, కన్నీరు తుడుచుకొని, ఆంటీ దిగిపోయెను. మూయుటకు ముందు మరొక్కమారు చూతమని తగిలింపగా, ముల్లు గీతను దాటి అవతల నిలిచి వెక్కిరించెను.

"స్ప్రింగు వదులైనది" అని పాస్టరుగారు నిశ్చయించి, మారుమాట లేక తన రెండవ జత బూట్లు తీసివేసిరి. ముల్లు వెనుకకు వచ్చెను. మరల జిప్పు, మరల బెల్లు. ఈమారు రిటైరైన నర్సమ్మ. సంఘమున ఎవరికి తుమ్ము వచ్చినను మొదట చేరునది ఆమెయే. "చలి దేశం కదమ్మా, ఛాతీ జాగ్రత్త" అనుచు ఆమెయు పెట్టె మీద చెయ్యి వేసి, ఊపిరితిత్తులను పేరు పేరున ప్రస్తావించి ప్రార్థించి పోయెను. ముల్లు మరల గీత దాటెను. ఈసారి మునుపటికంటె దూరము పోయెను. మిషనక్క తన రెండు మంచి చీరలు తీసి ప్రక్కన పెట్టెను. చాలలేదు. ఆమె చూపు ఒక్క క్షణము ఆ లావు పుస్తకము మీద వ్రాలి, లేచి పోయెను. పాస్టరుగారు చూడనట్లే ఉండిరి.

అంతట ఆ వీరుడు పెట్టె వైపు తిరిగి, చెయ్యి చాచి, సింహనాదము చేసెను.

"ఓరీ పెట్టె! తీసినకొలది పెరుగునది గొయ్యి ఒక్కటే అనుకొంటిని, నిన్ను చూచి నా జ్ఞానము విస్తరించెను! నా బూట్లు దిగినను బరువెక్కితివి, ఆమె చీరలు దిగినను బరువెక్కితివి! నీలో అపవాదియగు సాతాను కాపురమున్నాడా? ఉన్నయెడల వాడు ఎంత బరువున్నాడు?"

"పెట్టెతో ఏం మాటలండీ, కింద వాటా వాళ్ళు వింటారు" అని మిషనక్క నేల మీద చతికిలబడెను. "చెప్పిన మాట చెప్పినట్టే. మిషను తీసేస్తాను."

ఆమె ఏడ్వలేదు. ఏడ్చినచో బాగుండెడిది. పెట్టెలోనికి చేతులు పోనిచ్చి, కంబళి చెరగు వెదకి, బిడ్డను నిద్ర లేపునట్లు మెల్లగా ముడి విప్పుచుండెను. పాస్టరుగారు కిటికీ వైపు తిరిగి నిలిచిరి. గెలిచిన మాటయే ఆయనకు ముల్లై గ్రుచ్చుకొనెను.

ఆ సమయమున మూలనున్న పిడుగు హృదయమున ఘోరసంగ్రామము చెలరేగెను. ఒక దెస భయసేన, ఒక దెస మాతృప్రేమసేన. ఏలయన ఆ బాలిక జరిగినదంతయు చూచెను. ప్రార్థనలు రెంటిలోను, తల్లి చెంగుకు పడిన చిన్న చిరుగులోనుండి, ఒక కన్నుతో కాదు, రెండు కన్నులతో చూచెను. చెప్పినచో మిషను బ్రతుకును, తాను దొరకిపోవును. చెప్పకున్నచో తాను బ్రతుకును, అమ్మ ముఖము అట్లే ఉండును. కంబళి రెండవ ముడి విడెను. భయసేన పలాయనము చిత్తగించెను.

"అమ్మా! మిషను తియ్యొద్దు. సబ్బులు తియ్యి."

"ఏం సబ్బులే?"

"కొట్టు ఆంటీ పెట్టింది. నాన్న తువ్వాలు కింద. నర్సమ్మగారు పెట్టినవి ఆ పక్క, సీసాలు."

మిషనక్క తువ్వాలు ఎత్తెను. దొంతి దొంతిగా సబ్బులు, పెద్ద సైజువి. అటు ప్రక్కన దగ్గుమందు సీసాలు, నొప్పుల తైలము, ఉన్ని మేజోళ్ళలో దూర్చిన వేడినీళ్ళ సంచి. ఆజ్ఞ మీరక చేతులు దులిపి చూపినవారు, కన్నులు మూసియున్న వేళ తమ ప్రేమను పెట్టెలోనికి జారవిడిచి పోయిరి! అపవాదికి ఇందులో ఏ పాత్రయు లేదని ఇందుమూలముగా ప్రకటించుచున్నాను.

"నీకెట్లు తెలియును?" అని పాస్టరుగారు కూతురి వైపు తిరిగిరి. "ప్రార్థనలో నీవు కన్నులు తెరచితివా?"

పిడుగు తల్లి చెంగు వెనుకకు జరిగెను.

"ముందు తూకం చూద్దామండీ, కళ్ళ సంగతి తర్వాత" అని మిషనక్క అడ్డుపడెను. "అయినా దాన్నొక్కదాన్నే అంటే నాకు పాపం తగులుతుంది. నేనూ తెరుస్తాను."

"నీవునా!"

"మరేం చెయ్యమంటారు? పొయ్యి మీద పాలు పెట్టి మీ పొద్దుటి ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే, ఈ ఇంట్లో ఎవరూ ఇన్నేళ్ళూ పాలు తాగి ఉండరు."

పాస్టరుగారికి తమ సుదీర్ఘ దాంపత్యమున త్రాగిన పాలన్నియు ఒక్కమారుగా తలపునకు వచ్చెను. సబ్బులు, సీసాలు వంటగది తలుపు వెనుకకు చేరెను. చీరలు, బూట్లు తిరిగి వచ్చెను. ముల్లు గీత మీదికి వచ్చి నిలిచెను. మిషను కంబళి మరల బిగిసెను. మిషనక్క జిప్పు కొన పట్టుకొనెను.

బెల్లు మ్రోగెను.

ఈమారు వచ్చినవాడు సామాన్యుడు కాడు. సంఘపెద్ద, వృద్ధుడు, వీధి మొగలో దర్జీ కొట్టు నడిపిన దర్జీ తాతగారు. మిషనక్కకు సూదిలో దారమెక్కించుట మొదలు కాలరు త్రిప్పుట వరకు నేర్పిన గురువు. ప్రార్థనకు నిలిచినచో ఆయనతో పాటు నిలిచినవారి మోకాళ్ళే ప్రార్థన అవసరమైన స్థితికి వచ్చునని ప్రతీతి. మెట్లెక్కి ఆయాసపడుచు, లాల్చీ జేబు మీద చెయ్యి అదిమి పట్టుకొని ఆయన ప్రవేశించెను. ఆ జేబు నేల వైపు లాగబడుచుండెను.

దంపతులు ఒకరినొకరు చూచుకొనిరి. పెట్టె మూయుదమా? మూసిన పెట్టె ఎదుట పెద్దాయన మనసు నొచ్చును. జేబులో ఏమున్నదని అడుగుదమా? అడిగినచో దొంగతనము అంటగట్టినట్లగును.

"మీరు మూసుకోండి, నేను చూసుకుంటాను" అని మిషనక్క భర్త చెవిలో ఊదెను.

"పెట్టె మీద చెయ్యేసి ప్రార్థన చేద్దాం అమ్మాయ్" అనెను తాతగారు, అందరు ఊహించినట్లే.

మొదలిడెను. విమానమునకు ప్రార్థించెను, విమానము నడుపువానికి ప్రార్థించెను, వాని భార్యకు, ఆ రెక్కలు బిగించిన మేకులకు సహితము ప్రార్థించెను. ఆ తరువాత ఆయన కంఠము ఆగకుండగనే కుడిచెయ్యి జేబులోనికి దిగి, గుడ్డలో చుట్టిన దేనినో తీసి, పెట్టె మీదుగా పాకుచు చీరల క్రిందికి దారి వెదకెను. మిషనక్క తెరచిన కన్నుతో చూచి, తన చెయ్యి చాచి, ఆ చేతిని అడ్డగించెను. తాతగారు తలయెత్తెను. చోటు వెదకుకొనుటకు ఆయనయు కన్నులు తెరచియే యుండెను! ఇద్దరి చూపులు కలిసెను. ఆ చూపులను తండ్రి మోచేతి సందునుండి పిడుగు చూచుచుండెను. ఆ ముగ్గురిని, శ్రోతలారా, ఎన్నడును రెప్ప కదల్చని మన పాస్టరుగారు రెండు కన్నులు విప్పార్చి చూచుచుండిరి!

నలుగురు దొరకిపోయిరి. ఎవరు ఎవరిని ఏమనగలరు? ప్రార్థన నడుమ మనుష్యులతో మాటలాడరాదు. దేవునితో మాటలాడుటకు మాత్రము అడ్డు లేదు. తాతగారు ఆ దారినే పట్టెను.

"తండ్రీ, నీకు తెలియందేముంది. ఇది నా కత్తెర. నాకు చూపానడం లేదు, గుడ్డ మీద సుద్దగీత కనపడటం లేదు. కొట్లో మేకుకి వేలాడి తుప్పు పడుతోంది. ఈ అమ్మాయి మొదటి చొక్కా కోసింది దీంతోనే. అదీ తిరగేసి కోసింది, నీకు గుర్తుండే ఉంటుంది. ఇది దాని చేతిలో ఉంటే నా చెయ్యి ఇంకా పని చేస్తున్నట్టే ఉంటుంది తండ్రీ."

పాస్టరుగారు కంఠము సవరించుకొనిరి. "ప్రభువా, పెద్దలను నొప్పించుట మాకు ఇష్టము కాదు. అయితే ముల్లు గీత మీద ఉన్న సంగతి నీవెరుగుదువు. ఈ కత్తెర బరువు సామాన్యమైనది కాదు. కత్తెర ఎక్కినయెడల మిషను దిగవలెను."

"ప్రభువా" అనెను మిషనక్క, "మిషను దిగితే కత్తెరెందుకు, నన్ను కూడా దింపెయ్యి. ఇంకొక్క మాట. ఆ పక్కన ఒక లావు పుస్తకం ఉంది. నేనేమీ అనడం లేదు. ఊరికే నీకు చూపిస్తున్నాను."

"ప్రభువా" అని పిడుగు చొరబడెను, "నాన్న ఆ పుస్తకం చదవడం నేనెప్పుడూ చూళ్ళేదు. మామూలప్పుడు కూడా."

ఎదుటి మేడ మీద దుప్పట్లు తీయుచున్న చప్పుడు వినవచ్చెను. పాస్టరుగారు నోరు తెరచిరి. అప్పుడు వచ్చిన గొంతు వేదిక మీదిది కాదు.

"ప్రభువా... అది నాకు పట్టా వచ్చిన రోజు మా గురువుగారు ఇచ్చారు. చదివిన దానికన్నా దులిపిందే ఎక్కువ. కానీ అది పక్కనుంటే నాకు ధైర్యం. నేను చెప్పేది అక్కడ ఎవరూ వినకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. నాకు భయంగా ఉంది తండ్రీ."

మిషనక్క ఆయన ముఖము చూచెను. ఇన్నేళ్ళ కాపురమున ఆ మాట ఆయన నోట వినుట అదే మొదలు. భయము తన ఒక్కతెదే అనుకొని, దానిని మిషనుతో పాటు కంబళిలో చుట్టి ఇన్నాళ్ళు ఆమె ఒంటరిగా మోసెను.

"ప్రభువా, అయితే ఇద్దరికీ భయమే" అనెను ఆమె, భర్త చెయ్యి పట్టుకొని. "ఇద్దరం కలిసి భయపడతాం, ఫరవాలేదు."

పాస్టరుగారు వంగి ఆ మహాగ్రంథమును రెండు చేతుల పైకెత్తిరి. చొక్కా కొనతో దాని అట్టను కడసారి దులిపి తాతగారి చేతులలో పెట్టిరి. గుడ్డలో చుట్టిన కత్తెర మిషను ప్రక్కన, దాని కొరకే ఉంచినట్లున్న చోట, ఒదిగి పడుకొనెను.

"ఆమేన్" అనెను తాతగారు. ఆయన జీవితమున అదియే పొట్టి ముగింపు. పుస్తకము బరువు చూచుకొని, "దీన్నేం చేసుకోను అయ్యగారూ, నాకు చూపానదుగా?" అనెను.

"చూపానిన నేనూ చదవలేదు తాతగారూ."

"సరే, ఇస్త్రీ మడతలు నిలవడానికి మీద పెట్టుకుంటాను. బరువైన మాటలు ఊరికే పోవు."

ఇప్పుడు ఊపిరి బిగబట్టుడు. దుప్పటి ముడి లేచెను. భార్య ఒక కొన, భర్త ఒక కొన, నడుమ పిడుగు తల ఆనించి తోయగా, ముడి కొక్కెమునకు తగిలెను. ముల్లు ఉలికిపడి, కుడికి ఉరికి, గీతను దాటి, అందరి గుండెలు జారుచుండగా వెనుకకు వంగి, ఒక్కమారు ఇటు, ఒక్కమారు అటు ఊగి, అలసి, సిగ్గుపడి, ఎర్రగీతకు ఇవతల, వేలెడు దూరమున, నిలిచెను! నిలిచియే యుండెను!

జయము! కాటా మీద జయము! సబ్బుల మీద, సీసాల మీద, స్వహస్తలిఖితమైన గీత మీద జయము! జిప్పు కీచుమని, మొరాయించి, మూలుగుచు మూతపడెను.

మెట్ల మీద మరల అడుగుల చప్పుడు వినవచ్చెను. ఒకరిద్దరు కాదు, పాటల బృందమంతయు వచ్చుచుండెను. "మేమేమీ తేలేదండీ!" అని క్రిందనుండియే ఎవరో కేక వేసిరి. పిడుగు తండ్రి వైపు చూచెను, తండ్రి భార్య వైపు చూచెను. మిషనక్క చీర కుచ్చెళ్ళు సర్దుకొని, మూసిన పెట్టె మీద నిండుగా, దిట్టముగా, రాణి వలె కూర్చుండెను.

"రండి రండి, ప్రార్థన చేద్దాం" అని పిలిచెను.

పొయ్యి పరుల యింటికి పోయినది. పొంగుటకు పాలు లేవు. ఇన్నేళ్ళకు మొదటిమారుగా, ఆ ఇల్లాలు రెండు కన్నులు గట్టిగా మూసికొనెను.